ఆపరేషన్ కాగితం మీద సంతకానికి ముందు రోగి నోటితో చెప్పించండి

ఆపరేషన్ రోజు పొద్దున రోగి పరిస్థితి ఎలా ఉంటుందో వార్డులో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. రాత్రి నుంచి కడుపు ఖాళీ. చేతికి సెలైన్ సూది. గాజులు, కమ్మలు తీయించి, తాళి కూడా తీయించి మూటగట్టి ఇంటివాళ్ల చేతిలో పెడతారు. తాళి తీయమన్నప్పుడే చాలామంది ఆడవాళ్లకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సరిగ్గా ఆ సమయంలో ఎవరో కేస్ షీటు తెచ్చి "ఇక్కడొక సంతకం, ఇక్కడొకటి" అంటే చదివేదెవరు, అడిగేదెవరు?

అందుకని ముందుగా చెప్పే మాట ఇదే. ఆ కాగితాన్ని ఆపరేషన్‌కు ముందు రోజే అడిగి తీసుకోండి. వార్డులో చేరిన రోజే "అంగీకార పత్రం ఇప్పుడే ఇవ్వండి, చదివించుకుంటాం" అని చెప్పండి. శుక్లాల ఆపరేషన్ లాగా ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేసేవి అయితే, ఓపీలో తేదీ ఇచ్చిన రోజే అడగండి. అది దబాయింపు ఏమీ కాదు. అడిగితే ఇచ్చే కాగితమే.

నేను ఒంగోలులో సర్జికల్ వార్డు హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మా వీధిలో ఎవరికి ఆపరేషన్ తేదీ ఇచ్చినా ఫైలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. కనిగిరి, దర్శి వైపు నుంచి చుట్టాలు ఫోన్లు చేస్తారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఒంగోలు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్ అయినా, కర్నూలు రోడ్డులో ప్రైవేటు ఆసుపత్రి అయినా, నెల్లూరు పొగతోట అయినా పద్ధతి ఒకటే.

ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి

చెప్పాల్సింది ఆపరేషన్ చేసే డాక్టరు, లేదా ఆయన బృందంలో ఆ ఆపరేషన్ గురించి బాగా తెలిసిన మరో డాక్టరు. నర్సు సాక్షిగా సంతకం చేయవచ్చు. అంతేగాని డాక్టరు చెప్పవలసిన మాటను నర్సు చేత చెప్పించి ముగించేయకూడదు. మీకు నర్సు మంచిగా మాట్లాడుతుంది కదా అని ఆమెతోనే ఆగిపోవద్దు.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఉదయం రౌండ్స్‌లో మంచం చుట్టూ పది మంది నిలబడతారు. పెద్ద డాక్టరు, అసిస్టెంట్లు, పీజీ చదివే డాక్టర్లు, హౌస్ సర్జన్లు. అక్కడ మీకు గొంతు పెగలదు. సాయంత్రం డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు కేస్ షీట్లు రాసుకోవడానికి వార్డుకు వస్తారు. అదే సరైన సమయం. "డాక్టరు గారూ, రేపటి ఆపరేషన్ గురించి ఐదు నిమిషాలు కూర్చుని చెబుతారా" అని అడగండి. కూర్చుని అనే మాట కావాలనే అంటున్నాను. నిలబడి చెప్పే డాక్టరు తొందరలో ఉన్నట్టు రోగికి అనిపిస్తుంది, ఇక అడగడు. పక్కనే స్టూలు వేసి ఉంచండి.

రోగి పక్కన ఒక్కరే ఉండండి. కంగారు పడకుండా వినగలిగే మనిషి అయితే మేలు. ఫోనులో రికార్డు చేసుకోవాలనుకుంటే ముందు డాక్టరు అనుమతి అడగండి.

రాయి తీస్తారా, సంచి తీస్తారా

పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ కోసం చేరింది. అంతకుముందు రోజు సాయంత్రం నేను అడిగాను.

"రేపు ఏమి చేస్తారు పెద్దమ్మా?"

"కడుపులో రాయి తీస్తారు సిస్టర్. మూడు చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారంట."

"రాయి ఒక్కటేనా?"

"ఇంకేముంది తీయడానికి?"

అప్పటికే ఆమె వేలిముద్ర వేసింది. డాక్టరు బాగా చెప్పారని, మర్యాదగా మాట్లాడారని సంతోషంగానే ఉంది. కానీ జరిగేది ఆమె అనుకున్నది కాదు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అంటే రాళ్లున్న ఆ సంచినే మొత్తం తీసేస్తారు. రాళ్లు మాత్రమే తీసి సంచి ఉంచితే అందులో మళ్లీ రాళ్లు పడతాయి. డ్యూటీ డాక్టరును పిలిపించాను. ఆయన మంచం మీద కూర్చుని, పాత మందుల చీటీ వెనుక కాలేయం బొమ్మ గీశారు. దాని కింద చిన్న సంచి, సంచి నుంచి పేగులోకి పోయే గొట్టం గీసి, సంచి మెడ దగ్గర పెన్నుతో అడ్డగీత పెట్టారు. "ఇక్కడ కట్ చేస్తాం" అన్నారు.

పెద్దావిడ ఆ బొమ్మ వైపు కాసేపు చూసి అడిగింది. "సంచి లేకపోతే అన్నం ఎట్లా అరుగుతుంది బాబూ?"

చదువు రాని మనిషి వేసిన ప్రశ్న అది. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో. సంచి దాన్ని నిల్వ చేసి చిక్కబరుస్తుందంతే. సంచి లేకపోయినా రసం నేరుగా పేగులోకి వెళుతుంది, అన్నం అరుగుతుంది. కొందరికి కొన్నాళ్లు నూనె వస్తువులు తింటే విరేచనాలు అవుతాయి. అది విన్నాక డాక్టరు మిగిలిన రెండు మాటలు కూడా చెప్పారు. లోపల బాగా అతుక్కుపోయి ఉంటే చిన్న రంధ్రాల కీహోల్ పద్ధతి వదిలి పొట్ట పెద్దగా కోయవలసి రావచ్చు. వెయ్యి మందిలో ముగ్గురు నలుగురికి పక్కనున్న పైత్యనాళానికి గాయం కావచ్చు, అలా అయితే మరో పెద్ద ఆపరేషన్ అవసరం పడవచ్చు. ఆమె కొడుకును పిలిచి మాట్లాడుకుని, మరునాడు ఆపరేషన్‌కే వెళ్లింది. ఈసారి ఏమి చేయించుకుంటోందో తెలిసి వెళ్లింది.

తృప్తికీ అర్థం కావడానికీ మధ్య ఉన్న తేడా ఇక్కడే ఉంది. డిశ్చార్జి అప్పుడు ఇచ్చే అభిప్రాయ పత్రంలో "డాక్టరు వివరించారా" అని ఉంటే అందరూ "అవును, చాలా బాగా" అనే రాస్తారు. ఆపరేషన్ బాగా జరిగింది, డాక్టరు నవ్వుతూ మాట్లాడారు, ఇంకేమి రాస్తారు? వివరణతో పూర్తిగా తృప్తి పడ్డామన్న రోగులనే "ఏ సమస్యలు రావచ్చని చెప్పారు" అని అడిగితే ఒకటి రెండు కూడా గుర్తుకు రావని అనేక దేశాల్లో పరిశోధనలు చేసిన వాళ్లు చెబుతూనే ఉన్నారు. కాబట్టి మీకు ఎంత అర్థమైందో కొలుచుకోవడానికి వేరే పరీక్ష పెట్టుకోండి.

ఆ పరీక్ష ఇది. డాక్టరు చెప్పడం పూర్తయ్యాక రోగి ఇలా అనాలి. "డాక్టరు గారూ, నాకు అర్థమైంది నా మాటల్లో చెబుతాను, తప్పుంటే దిద్దండి." ఈ మాటకు ఏ డాక్టరూ నొచ్చుకోరు. ప్రశ్నలు అడిగితే విసుక్కునే వాళ్లు కూడా దీనికి ఆగి వింటారు. రోగి తన నోటితో నాలుగు విషయాలు చెప్పగలగాలి. నాకు ఏమి జబ్బు ఉంది, ఏ భాగాన్ని ఏమి చేస్తారు, దాని వల్ల ఏ ఇబ్బందులు రావచ్చు, చేయించుకోకపోతే ఏమవుతుంది. ఇంకో దారి ఉందా అన్నది కూడా చెప్పగలిగితే మరీ మంచిది. తడబడితే డాక్టరు మళ్లీ చెబుతారు. మీరు పక్కన ఉండి రోగి తరఫున చెప్పేయకండి. ఎంత ఆతృతగా ఉన్నా నోరు కట్టుకుని వినండి.

సంతకం ఎవరిది

రోగిది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్న మనిషి శరీరం మీద కత్తి పెట్టడానికి అంగీకరించవలసింది ఆ మనిషే. మన ప్రాంతంలో ఇది మొదటి నుంచి తలకిందులుగా నడుస్తోంది. డాక్టరు వరండాలో పెద్ద కొడుకుకు చెబుతారు, అల్లుడు సంతకం పెడతాడు, మంచం మీద ఉన్న తల్లి "నాకేమి తెలుసు, వాళ్లు చూసుకుంటారు" అంటుంది. ఇంటివాళ్లు తోడుండటం మంచిదే. రోగి లేకుండా మాట్లాడుకోవడం మాత్రం మంచిది కాదు.

2008 జనవరి 16న సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత కడుపులోకి కెమెరా పంపి చూసే ల్యాప్రోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లి చేత సంతకం చేయించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని కోర్టు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు వర్తించదు. ప్రాణం మీదకు రాని స్థితిలో ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడిగి ఉండాల్సింది. ఏమి చెప్పాలో కూడా ఆ తీర్పులోనే ఉంది. చికిత్స ఏమిటి, ఎందుకు, ప్రయోజనం ఏమిటి, వేరే మార్గాలు ఉన్నాయా, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, వద్దంటే ఏమవుతుంది. అరుదుగా, ఎక్కడో జరిగే ప్రతి ప్రమాదాన్నీ చెప్పనక్కర్లేదని కూడా కోర్టు అంది. అది న్యాయమే. భయపెట్టి పంపించేయడం వివరించడం అనిపించుకోదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు భర్త సంతకం అవసరం లేదు. పిల్లలకైతే తల్లిదండ్రులు సంతకం చేయాలి. రోడ్డు ప్రమాదంలో స్పృహ లేకుండా వచ్చిన మనిషికి, బంధువులు ఎవరూ దొరకకపోయినా, ప్రాణం కాపాడటానికి డాక్టర్లు ఆపరేషన్ చేయవచ్చు. హైవే పక్క ఊళ్లలో ఉండేవాళ్లం కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

వేలిముద్ర వేసేవాళ్లకు ముందు కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. సాక్షిగా ఆసుపత్రి సిబ్బంది కాకుండా మీ మనిషి ఒకరు సంతకం చేస్తే మేలు.

ఇక కేన్సర్ మాట. "అమ్మకు చెప్పకండి సిస్టర్, తట్టుకోలేదు" అని ఎందరో కొడుకులు, కూతుళ్లు నా చేయి పట్టుకున్నారు. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ నా అభిప్రాయం మారలేదు. రొమ్ము తీసేస్తున్నప్పుడు, పేగు తీసి పొట్ట మీద మలం పోయే సంచి పెడుతున్నప్పుడు ఆ మనిషికి చెప్పకుండా ఎలా చేస్తారు? చాలామందికి మనం చెప్పకముందే అనుమానం ఉంటుంది. మన ముఖాలు చూసి గ్రహిస్తారు. చెప్పేటప్పుడు ఒకేసారి అన్నీ కుమ్మరించకుండా, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో రోగినే అడిగి చెప్పమని డాక్టరును కోరండి.

గర్భసంచి విషయంలో

దీని మీద నేను ఎక్కువసేపు మాట్లాడతాను. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో తేలింది. ముప్పై దాటీ దాటకముందే తీయించుకున్న వాళ్లు మన పల్లెల్లో ఎంతమందో. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అదెందుకు" అనే మాట ఒకటి. "ఉంచితే కేన్సర్ వస్తుంది" అనే భయం ఇంకొకటి.

తెల్లబట్ట అవుతోందని గర్భసంచి తీయరు. అది ఎక్కువసార్లు మందులతో తగ్గుతుంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే ముందు రక్తహీనత చూడాలి, థైరాయిడ్ చూడాలి, స్కానింగు చేయాలి, అవసరమైతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆపైన మాత్రలు ఉన్నాయి, గర్భసంచి లోపల పెట్టే హార్మోను లూపు ఉంది, గడ్డలు ఉంటే కొందరికి గడ్డల్ని మాత్రమే తీసి సంచిని ఉంచవచ్చు. ఇవన్నీ అయ్యాక ఆపరేషనే దారి అయితే మంచిదే, చేయించుకోండి. కేన్సర్ ఉన్నచోట ఆలస్యం అసలు వద్దు.

ఆపరేషన్ ఖాయమైతే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే ఎందుకు?" గర్భసంచి తీస్తే నెలసరి ఆగిపోతుంది. అండాశయాలు కూడా తీస్తే, ఇంకా ముట్లుడగని ఆడమనిషికి ఆ రోజు నుంచే ముట్లు ఉడిగినట్టు. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, తర్వాత ఎముకలు పెళుసు కావడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం. ముప్పై ఐదేళ్ల మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఉంచమని మీరు నిర్ణయించుకుంటే, "అండాశయాలు తీయడానికి నా అంగీకారం లేదు" అని కాగితం మీద మీ చేత్తో రాసి, పక్కన సంతకం పెట్టండి. ఆ హక్కు మీకు ఉంది.

కాగితాన్ని ఎలా చూడాలి

ముందు మీ పేరు, వయసు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు సరిచూసుకోండి. తర్వాత ఆపరేషన్ పేరు. కుడి, ఎడమ ఉన్న భాగమైతే, అంటే కన్ను, మోకాలు, హెర్నియా, కిడ్నీ లాంటివైతే, ఏ వైపో అక్షరాల్లో రాసి ఉండాలి. ఖాళీలు ఉన్న కాగితం మీద సంతకం వద్దు. నింపమనండి, అవసరం లేని ఖాళీలకు అడ్డగీత కొట్టమనండి. తేదీ, సమయం, డాక్టరు సంతకం కూడా ఉండాలి. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగు ప్రతి అడగండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన 17 రోగి హక్కుల్లో అంగీకారం గురించినది ఒకటి. మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు కూడా అందులో ఉంది.

"అవసరమైతే మరే ఇతర ఆపరేషన్‌కైనా అంగీకరిస్తున్నాను" అనే వాక్యం చాలా కాగితాల్లో ఉంటుంది. దాని మీద వేలు పెట్టి "నా విషయంలో ఇతరం అంటే ఏమేమి కావచ్చు" అని అడగండి. డాక్టరు ఒకటి రెండు చెబుతారు. అవి రాయించుకోండి.

మత్తుకు విడిగా అంగీకారం ఉంటుంది. మత్తు డాక్టరు వచ్చినప్పుడు పూర్తి మత్తా, నడుముకు ఇంజెక్షనా అని అడిగి, మీరు వేసుకునే మాత్రలన్నీ చూపించండి. రక్తం పలచబడే మాత్రలు, షుగరు మాత్రలు, పసరు మందులు కూడా దాచవద్దు. కదిలే పన్ను ఉంటే చెప్పండి. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి అన్నం, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా ఆపమంటారు. మీ విషయంలో ఎన్ని గంటలో ఆయననే అడగండి. రక్తం ఎక్కించడానికి, హెచ్‌ఐవీ పరీక్షకు కూడా మీ అంగీకారం విడిగా తీసుకోవాలి. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టమే అలా చెబుతోంది.

ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో చేయించుకుంటుంటే, ముందస్తు అనుమతి వచ్చిన ఆపరేషన్ పేరు, మీ అంగీకార పత్రంలో పేరు ఒకటేనా అని ఆరోగ్యమిత్రను అడిగి చూసుకోండి.

సంతకం పెట్టాక ఏమి జరిగినా డాక్టరుకు సంబంధం ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మీకు చెప్పిన, తెలిసిన ప్రమాదాలను అంగీకరించినట్టు మాత్రమే దాని అర్థం. నిర్లక్ష్యానికి అది రక్షణ కాదు. అలాగే, సంతకం పెట్టిన తర్వాత మనసు మారినా, మత్తు ఇవ్వకముందు వద్దని చెప్పవచ్చు. సిగ్గు పడవలసిన పని లేదు.

థియేటర్ దగ్గర, ఆ తర్వాత

లోపలికి తీసుకెళ్లాక "మీ పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు" అని మళ్లీ అడుగుతారు. విసుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల భద్రతా జాబితాలో మత్తుకు ముందు సరిచూడవలసినవి అవి. తల ఊపకుండా గట్టిగా నోటితో చెప్పండి. చేయవలసిన వైపు పెన్నుతో గుర్తు పెట్టకపోతే, పెట్టమని మీరే అడగండి.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటకు వచ్చినప్పుడు ఇంటివాళ్లు "బాగా జరిగిందా" అని మాత్రమే అడుగుతారు. "ముందు చెప్పిందే చేశారా, ఏమైనా మారిందా" అని కూడా అడగండి. రోగికి పూర్తి మెలకువ వచ్చాక ఆ మాటే రోగికి కూడా చెప్పమనండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి కాగితంతో పాటు ఆపరేషన్ నోట్స్ ప్రతిని కూడా రాతపూర్వకంగా అడిగి ఫైలులో పెట్టుకోండి. తీసిన భాగాన్ని బయాప్సీకి పంపారా, రిపోర్టు ఏ తేదీకి వస్తుంది, ఎవరి దగ్గర తీసుకోవాలి అన్నది ఇంటికి బయలుదేరే ముందు రాయించుకోండి. ఆ రిపోర్టు తీసుకోవడానికి తిరిగి రాక, అలమరాలో కాగితాలు అలాగే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి.